నాన్నకి ఆ పరీక్ష మొదటిరోజే చేయించాల్సిందా?

ప్రశ్న: మాది కంచిలి దగ్గర పల్లె. నాన్నకి 63 ఏళ్లు. కొబ్బరి, జీడి తోటలు చూసుకుంటారు. ఉద్దానంలో చాలామందికి ఉన్నట్టే ఆయనకీ కిడ్నీ జబ్బు ఉంది, కిడ్నీ దెబ్బతిన్నకొద్దీ పెరిగే క్రియాటినిన్ 2.4 దగ్గర నిలకడగా ఉండేది. వానల్లో బ్రెయిన్ స్ట్రోక్ వస్తే శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో చేర్చాం, వెంటిలేటర్ పెట్టారు. అయిదోరోజు జ్వరం వచ్చింది, ఎక్స్‌రేలో కొత్త మచ్చ కనిపించింది. 'ఆసుపత్రిలో పట్టుకునే నిమ్ము' అన్నారు. మెరోపెనెమ్, కొలిస్టిన్, వాంకోమైసిన్ అని మూడు యాంటీబయాటిక్‌లూ మొదలుపెట్టారు. సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్ పరీక్షకి కళ్లె తీశారు. అప్పుడే ఒక డాక్టరుగారు, విశాఖ పంపించి పీసీఆర్ ప్యానెల్ చేయిస్తే ఏ సూక్ష్మజీవో త్వరగా తేలుతుందన్నారు. వేలల్లో ఖర్చు, చేతినుంచి కట్టాలన్నారు. బావగారు 'ఇదంతా డబ్బులు గుంజడానికే' అన్నారు. నేను వద్దన్నాను. హైదరాబాదులో ఉన్న తమ్ముడు ఫోనులో గట్టిగా అరిచాక మూడోరోజు ఒప్పుకున్నాను. మర్నాడు రిపోర్టు వచ్చింది. అందులో రెండు సూక్ష్మజీవుల పేర్లు, ఒక జన్యువు పేరు రాశారు. ఆ సాయంత్రమే వాంకోమైసిన్ ఆపారు. ఆ తర్వాత రోజు వచ్చిన కల్చర్‌లో ఒక్క పేరే ఉంది. నాన్న బయటపడ్డారు. కానీ క్రియాటినిన్ 3.8 దాకా వెళ్లి, ఇప్పుడు 2.9 దగ్గర ఆగింది. తమ్ముడు నాతో సరిగా మాట్లాడటం లేదు. ఆ పరీక్ష మొదటిరోజే చేయించి ఉంటే నాన్న కిడ్నీలు నిలిచేవా? రెండు రిపోర్టుల్లో దేన్ని నమ్మాలి?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

అమ్మా,

ముందు మీ గుండెల్లో ఉన్న ప్రశ్నకే జవాబు చెబుతాను. మొదటిరోజే చేయించి ఉంటే నాన్నగారికి వాంకోమైసిన్ రెండు మూడు రోజులు తక్కువ పడి ఉండేది. అంతవరకు నిజం, దాన్ని మీ దగ్గర దాచను. కొలిస్టిన్ మాత్రం తప్పేది కాదు. ఆయన ఊపిరితిత్తుల్లో ఉన్నదాని మీద చివరికి పనిచేసింది అదే. ఆ రెండింటిలో కిడ్నీని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కూడా అదే. వాటికి తోడు ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్, పడిపోయిన బీపీ కూడా కిడ్నీని దెబ్బతీస్తాయి. 2.4 నుంచి 2.9కి పెరగడాన్ని మొత్తంగా మీ 'వద్దు' అన్న ఒక్క మాట ఖాతాలో రాసుకోకండి. అక్కడ ఇంకా చాలామంది చేతులున్నాయి. ఎవరివి ఎంతవరకో చెబుతాను.

నేను మైక్రోబయాలజీ మనిషిని. ఉత్తరాంధ్ర ఆసుపత్రుల్లో ల్యాబుల వెనకాల చాలా ఏళ్లు గడిపాను. మా ముఖం రోగుల బంధువులకి తెలియదు, మేం పంపే కాగితమే తెలుస్తుంది. అందుకే ఆ కాగితం గురించి కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

ఆసుపత్రిలో చేరిన 48 గంటల తర్వాత మొదలైన నిమ్ముని ఆసుపత్రి నిమ్ము అంటాం. గొంతులో గొట్టం వేసి 48 గంటలు దాటాక వస్తే వెంటిలేటర్ నిమ్ము. ఊళ్లో జలుబు ముదిరి వచ్చే నిమ్ముకీ దీనికీ పోలిక లేదు. ఇక్కడ సూక్ష్మజీవులు వేరు, మొండివి. మన దేశపు ఐసీయూల్లో ఎక్కువగా కనిపించేవి అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్. ఏళ్ల తరబడి మందుల మధ్యే బతికి, ఆ మందులకే అలవాటుపడిపోయినవి ఇవి. ఏది పట్టుకుందో తెలియకముందే వైద్యం మొదలుపెట్టాలి, ఆలస్యమైతే మనిషి దక్కడు. అందుకే డాక్టర్లు మొదట అన్నిటినీ కమ్మేసేలా రెండు మూడు మందులు కలిపి ఇస్తారు. మీ నాన్నగారికి మూడు మందులు పెట్టడం తప్పు కాదు. తర్వాత వాటిలో ఏది అక్కర్లేదో ఎంత తొందరగా తెలిసింది, తెలిశాక ఎంత తొందరగా ఆపారు, చూడాల్సింది అది.

కల్చర్ ఎలా జరుగుతుందో ఎవరూ మీకు చూపించి ఉండరు. గొట్టంలోంచి సక్షన్‌తో తీసిన కళ్లె చిన్న డబ్బాలో మా దగ్గరికి వస్తుంది. పసుపుపచ్చగా, జిగురుగా ఉంటుంది. దాన్ని సన్నటి తీగతో గులాబీరంగు ప్లేటు మీద గీతలు గీసి, 37 డిగ్రీల పెట్టెలో రాత్రంతా ఉంచుతాం. తెల్లారి తీసి వెలుతురుకి పట్టి చూస్తాం. క్లెబ్సియెల్లా అయితే గులాబీరంగు ముద్దల్లా ఉబ్బి మెరుస్తుంది, తీగతో తాకి లేపితే పాకంలా సాగుతుంది. అసినెటోబాక్టర్ చిన్నగా, పాలిపోయినట్టు ఉంటుంది. పేరు తేలాక ఏ మందుకి చస్తుందో చూడటానికి మళ్లీ ఒక రాత్రి. రెండు రకాలు కలిసి పెరిగితే విడదీయడానికి మరో రోజు. అంటే రెండు మూడు రోజులు ఖాయం, మధ్యలో ఆదివారం వస్తే నాలుగు. ఈలోగా పై మందులు మూడూ శరీరంలోకి వెళ్తూనే ఉంటాయి.

పీసీఆర్ ప్యానెల్‌కి పెంచడంతో పని లేదు. సూక్ష్మజీవి డీఎన్‌ఏలో ఒక ముక్కని పట్టుకుని, వేడి చేసి చల్లార్చి, ప్రతిసారీ రెట్టింపు చేస్తుంది. ముప్పైసార్లు రెట్టింపు చేస్తే ఒకటి 107 కోట్లు దాటుతుంది. క్యారీ మల్లిస్ 1983లో కనిపెట్టిన పద్ధతి ఇది, పదేళ్లకి ఆయనకి నోబెల్ వచ్చింది. కోవిడ్ రోజుల్లో మన ఊళ్లలో అందరి నోటా నలిగిన ట్రూనాట్ కూడా ఈ కోవదే. ఇప్పుడు నిమ్ము కోసం వచ్చినవాటిలో, ఒక అరచేతిలో పట్టే సంచి లాంటి దాంట్లోనే పరీక్షలన్నీ అమర్చి ఉంటాయి. కళ్లె అందులో వేసి మిషన్‌లో పెట్టడానికి రెండు మూడు నిమిషాలు, జవాబు రావడానికి గంట పైచిలుకు. బాగా వాడుకలో ఉన్న బయోఫైర్ ప్యానెల్‌కి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. 18 రకాల బాక్టీరియా, 8 వైరస్‌లు, మందులకి లొంగకుండా చేసే 7 రకాల జన్యువులు ఒకే దెబ్బకి వెతుకుతుంది.

ఇక మీ రిపోర్టు. మీరు పంపిన ఫోటో చూశాను. మొదటి వరసలో అసినెటోబాక్టర్, పక్కన పది, దాని మీద చిన్న ఏడు. అంటే ఒక మిల్లీలీటరు కళ్లెలో కోటి, ఆపైన. రెండో వరసలో క్లెబ్సియెల్లా, పది మీద నాలుగు. అంటే పదివేలు. కోటి ఎక్కడ, పదివేలు ఎక్కడ! గొంతులో గొట్టం ఉన్న మనిషి దగ్గర ఏదో ఒక సూక్ష్మజీవి పదివేల లెక్కలో ఊరికే కాపురం ఉండటం మామూలే. జబ్బు చేసేది అదే అనడానికి ఆ అంకె చాలదు. పైగా మీ రెండు శాంపిళ్లూ ఒకరోజువి కావు. కల్చర్‌కి మొదటిరోజు తీశారు, పీసీఆర్‌కి మూడోరోజు. ఆ రెండు రోజుల్లో క్లెబ్సియెల్లా కొత్తగా చేరి ఉండొచ్చు. లేదా మందు దెబ్బకి చచ్చిన సూక్ష్మజీవుల డీఎన్‌ఏ కూడా అయి ఉండొచ్చు. బతికున్నదా చచ్చినదా అన్న తేడా ఆ మిషన్‌కి తెలియదు. కల్చర్‌లో మాత్రం బతికున్నదే పెరుగుతుంది. అందుకని రెండు రిపోర్టులూ అబద్ధం కాదు. రెండూ ఒకే మాట చెబుతున్న చోటు చూడండి: అసినెటోబాక్టర్. మీ డాక్టర్లు దాన్నే పట్టుకున్నారు, సరిగ్గా చేశారు.

మూడో వరస ఎన్‌డీఎం. 'న్యూఢిల్లీ మెటలో బీటా లాక్టమేజ్' అన్నదానికి పొట్టి పేరు. ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్ వెళ్లిన ఒక రోగిలో మొదట గుర్తించి, 2009లో ఆ పేరు పెట్టారు. ఈ జన్యువు ఉన్న సూక్ష్మజీవి మీద మెరోపెనెమ్ పనిచేయదు. దానికన్నా ఖరీదైన సెఫ్టాజిడిమ్-అవిబాక్టామ్ కూడా ఒంటరిగా పనిచేయదు, అజ్‌ట్రియోనామ్ తోడు కావాలి. కాబట్టి ఆ ఒక్క పేరు చూసి వైద్యం మొత్తం మారిపోయే సందర్భాలు ఉంటాయి. అయితే ఆ జన్యువు క్లెబ్సియెల్లా సొత్తా, అసినెటోబాక్టర్ సొత్తా అన్నది ప్యానెల్ చెప్పలేదు. గదిలో ఇద్దరున్నారు, ఒకడి జేబులో కత్తి ఉంది అంటుంది, ఎవడి జేబో చెప్పదు.

ఇంకో సంగతి మీ తమ్ముడికి తప్పకుండా తెలియాలి. మన దేశంలో అసినెటోబాక్టర్ మెరోపెనెమ్‌కి లొంగకపోవడానికి ఎక్కువగా కారణమయ్యే జన్యువు ఓఎక్స్ఏ-23. ఆ ప్యానెల్ వెతికే ఏడింటిలో అది లేదు. అందులో ఉన్న ఓఎక్స్ఏ-48 వేరు, పేరు చూసి పొరబడకూడదు. అంటే మొదటిరోజే పరీక్ష చేసినా, అసినెటోబాక్టర్ ఉందని చెప్పేదే గానీ, దానికి ఏ మందు పనిచేస్తుందో పూర్తిగా చెప్పేది కాదు. ఆ మాట కల్చరే చెప్పాలి. కొలిస్టిన్ ఒక్కటే మిగిలిందని మీకు తెలిసింది కల్చర్ వచ్చాకే కదా. ఎంత ఖరీదైన ప్యానెల్ చేయించినా, పక్కనే కల్చర్ పంపకపోతే సగం పనే అయినట్టు.

మరి ఆ ప్యానెల్ మీకు ఏం మేలు చేసింది? అందులో 'లేదు' అన్న వరసలు చూడండి. స్టాఫిలోకాకస్ ఆరియస్ (పొట్టిగా 'స్టాఫ్' అంటాం): లేదు. వాంకోమైసిన్ పెట్టింది దానికోసమే. మందుకి లొంగని స్టాఫ్ ఉంటుందేమోనన్న భయంతో పెడతారు. లేదని తేలిన సాయంత్రమే ఆపేశారంటే, ఆ డాక్టరుగారు రిపోర్టు చదివారు, నమ్మారు, చెయ్యి కదిపారు. ఈ పరీక్షలో 'ఉంది' అన్న మాట కంటే 'లేదు' అన్న మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. కొత్త మందు చేర్చడానికి ఎవరూ వెనకాడరు. ఉన్న మందు ఆపడానికే ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఇచ్చేది ఈ 'లేదు'. కిడ్నీ జబ్బు ఇంటింటికీ ఉన్న ఉద్దానం మనిషికి ఒక్క వాంకోమైసిన్ సీసా తగ్గడం కూడా చిన్న సంగతి కాదు.

కానీ అమ్మా, స్టాఫ్ లేదని తెలుసుకోవడానికి అంత ఖర్చు పెట్టనక్కర్లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే, అది మీ మీద కాదు. కళ్లెని గాజుపలక మీద పరిచి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తే అరగంటలోపు చాలావరకు తెలుస్తుంది. గ్రామ్ స్టెయిన్ అంటారు. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టరు 1884లో ప్రకటించాడు. స్టాఫ్ ఉంటే ఊదారంగు ద్రాక్షగుత్తుల్లా కనిపిస్తుంది. అసినెటోబాక్టర్ గులాబీరంగులో, పొట్టిగా, జంటలు జంటలుగా, చీముకణాల మధ్య ఉంటుంది. జపాన్‌లో 12 ఐసీయూల్లో 206 మంది వెంటిలేటర్ నిమ్ము రోగుల మీద ఈ పాత పరీక్షని ఆధారం చేసుకుని మందులు ఎంచి చూశారు. 2022లో ఫలితాలు వచ్చాయి. రోగులు కోలుకోవడంలో వెనకబడలేదు, పెద్ద మందుల వాడకం మాత్రం తగ్గింది. ముక్కులో దూదిపుల్ల పెట్టి తీసే స్టాఫ్ పరీక్ష ఇంకొకటి ఉంది. అందులో లేదని వస్తే ఊపిరితిత్తుల్లోనూ ఉండే అవకాశం బాగా తక్కువ. ఇవి చేసే మనిషి, మిషన్ రెండూ మన జిల్లా ఆసుపత్రుల్లో దొరుకుతాయి. చాలాచోట్ల గ్రామ్ స్టెయిన్ చేస్తారు, రిజిస్టరులో రాస్తారు, ఐసీయూకి ఫోన్ మాత్రం చెయ్యరు. మీ విషయంలో ఏం జరిగిందో నాకు తెలియదు కాబట్టి ఆ ఆసుపత్రిని ఏమీ అనను. మీరు వద్దన్న ఆ రెండు రోజుల్లో ఆ పని చేయగల దారులు ఇంకా ఉన్నాయని మాత్రం తెలుసుకోండి.

దూరం సంగతి కూడా చెప్పాలి. గంటలో ఫలితం అంటారు, ఆ గంట మిషన్ లోపలి గంట. శ్రీకాకుళం నుంచి విశాఖకి వంద కిలోమీటర్లు పైచిలుకు. ఐసు పెట్టెలో పెట్టి పంపడానికి సాయంత్రం కొరియర్ కుర్రాడు రావాలి, హైవే మీద వెళ్లాలి, అక్కడ వరసలో పడాలి, రిపోర్టు మళ్లీ ఫోనులోకి రావాలి. మీకు మర్నాడు వచ్చిందంటే త్వరగానే వచ్చిందనాలి. ఈ మిషన్ ఐసీయూ పక్కనే ఉంటే ఒక రకం, రాత్రిపూట చేసే మనిషి లేకపోతే ఇంకో రకం, ఊరవతల ఉంటే మరో రకం.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసినచోట జరిగినది ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఆసుపత్రి నిమ్ము. కొడుకు గాజులమ్ముకునే మనిషి. అప్పు చేసి పరీక్షకి డబ్బు కట్టాడు. శనివారం సాయంత్రం అయిదున్నరకి ఫలితం వచ్చింది. స్టాఫ్ లేదు, సూడోమోనాస్ లేదు, పెద్ద మందులు రెండు ఆపేయొచ్చు. నేను రిపోర్టు వాట్సాప్ గ్రూపులో పెట్టి ఇంటికి వెళ్లిపోయాను. ఆ గ్రూపులో దాన్ని సోమవారం రౌండ్స్ వేళ దాకా ఎవరూ తెరవలేదు. మంగళవారం ఆ కొడుకు ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చి, "ఏటి డాట్రుగోరూ, గంటలో తేలిపోద్దన్నారు గదా, మూడ్రోజులేటండి?" అన్నాడు. కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నా దగ్గర మాట లేదు. ఆ పెద్దావిడ బతికింది. కానీ ఆ రోజు నుంచి నేను రిపోర్టు పంపి ఊరుకోను. డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన నోటితో 'ఈ మందు ఆపుతున్నాను' లేదా 'ఆపడం లేదు, కారణం ఇది' అనే మాట వినేదాకా ఫోన్ పెట్టను.

బ్రిటన్‌లో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. 14 ఐసీయూల్లో 554 మంది రోగుల మీద. సగం మందికి ఐసీయూలోనే పీసీఆర్ ప్యానెల్ చేసి, మందులు ఎలా ఎంచుకోవాలో సూచనలు ఇచ్చారు. మిగతా సగానికి మామూలు పద్ధతి. 2025లో ఫలితాలు వెలువడ్డాయి. మొదటి 24 గంటల్లో సరైన, అవసరమైనంత మేరకే మందులు పడినవారు ప్యానెల్ వైపు నూటికి 76 మంది, మామూలు వైపు 56 మంది. అంటే మందుల ఎంపికలో బాగా మేలు. కోలుకున్నవారు మాత్రం ప్యానెల్ వైపు నూటికి 57, మామూలు వైపు 64. ప్యానెల్ చేసినా రోగులు కోలుకోవడంలో వెనకబడరని చూపించాలనుకున్నారు, ఆ అధ్యయనం అది నిరూపించలేకపోయింది. ఇది మీ తమ్ముడికి చెప్పండి. మీకు ఊరట ఇద్దామని చెప్పడం లేదు, ఉన్నమాట ఇది. ఆ పరీక్ష మందుల్ని సరిదిద్దుతుంది. దానంతట అది ప్రాణం నిలబెడుతుందని ఎవరూ చూపించలేదు.

మీ బావగారికి కూడా ఒక మాట. డబ్బు గుంజడానికే అన్న అనుమానం మన జనానికి ఊరికే రాలేదు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఈ పరీక్ష విషయంలో అది సరి కాదు. ఐసీయూలో ఒక్కరోజు పెద్ద మందుల బిల్లు ఎంతో మీరే చూశారు. అక్కర్లేని మందు రెండు రోజులు ముందు ఆగితే, పరీక్ష ఖర్చులో కొంతైనా అక్కడే తిరిగి వస్తుంది. అలాగని ప్రతి దగ్గుకీ, ప్రతి జ్వరానికీ చేయించే పరీక్ష కాదు. ఇంకెప్పుడైనా, ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే ఐసీయూ డాక్టరుని పక్కకి పిలిచి ఇలా అడగండి: "డాక్టరుగారూ, ఈ రిపోర్టులో ఏది వస్తే ఏ మందు మారుస్తారు? రాత్రి పది గంటలకి వచ్చినా చూసేవాళ్లు ఉన్నారా?" స్పష్టమైన జవాబు వస్తే డబ్బు కట్టండి, కల్చర్ కూడా అదే శాంపిల్ నుంచి పంపమనండి. వీలైతే కొత్త యాంటీబయాటిక్ పడకముందే తీయమనండి. 'చూద్దాం, మందులు ఎలాగూ అవే' అంటే ఆ డబ్బు దాచుకోండి. శాంపిల్ గురించి కూడా అడగాలి. గొట్టం ఉన్నవారికి లోపలినుంచి సక్షన్‌తో తీస్తారు, ఇబ్బంది లేదు. గొట్టం లేని రోగి దగ్గర ఊపిరితిత్తుల్లోంచి దగ్గి తెచ్చిన కళ్లె కావాలి. ఉమ్మి వస్తే నోట్లో ఉండేవే కనిపిస్తాయి. మా దగ్గరికి వచ్చేవాటిలో ఉమ్మి శాంపిళ్లు తక్కువేం కాదు.

మన ప్రాంతం కాబట్టి ఇంకో మాట చేరుస్తాను. ఆ ప్యానెల్‌లో టీబీ లేదు. రెండు వారాలకి మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే దానికి సీబీనాట్, ట్రూనాట్ వేరుగా చేయించాలి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే చేస్తారు. మెలియాయిడోసిస్ కూడా అందులో లేదు. షుగరు ఉండి, వానాకాలం పొలంలో బురదలో తిరిగినవారికి వచ్చే మొండి నిమ్ముల్లో అదొకటి. దాన్ని కల్చర్‌లోనే, అదీ అనుమానించి వెతికితేనే పట్టుకోగలం. మీ నాన్నగారి రిపోర్టుల్లో దాని జాడ లేదు, భయపడకండి.

ఇప్పుడు ఇంటి సంగతి. స్ట్రోక్ తర్వాత మింగడం పూర్తిగా తిరిగి రాకుండానే మనవాళ్లు ప్రేమకొద్దీ చోడి అంబలి గ్లాసుతో పడతారు, అదీ పడుకోబెట్టి. అందులో సగం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మళ్లీ నిమ్ము, మళ్లీ ఆసుపత్రి. ఆయన్ని నిటారుగా, వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి. చెంచాతో కొద్దికొద్దిగా పెట్టండి. ప్రతి ముద్ద మింగారో లేదో చూసి ఇంకోటి పెట్టండి. తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వండి. తింటుండగా దగ్గు వచ్చినా, గొంతు తడిగా గరగరలాడినా ఆపేసి డాక్టరుకి చెప్పండి. మింగడం పరీక్షించే స్పీచ్ థెరపిస్టు ఉంటారు, ఆ పరీక్ష చేశారా అని అడగండి. రోజూ రెండుపూటలా మెత్తటి బ్రష్‌తో ఆయన పళ్లు తోమండి. పళ్లు తోమడానికీ నిమ్ముకీ సంబంధం ఏమిటనుకుంటారు గానీ, ఆసుపత్రి రోగుల్లో పళ్లు తోమిస్తే నిమ్ము తగ్గుతుందని అధ్యయనాల్లో తేలింది.

కిడ్నీ విషయంలో క్రియాటినిన్ రెండు వారాలకోసారి చూపించండి. 2.9 ఇంకా దిగడానికి అవకాశం ఉంది. మందుల దెబ్బ తిన్న కిడ్నీ కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే, అక్కడి నెఫ్రాలజిస్టుకి ఈ రెండు నెలల రిపోర్టులన్నీ వరసగా చూపించండి. నొప్పి మాత్రలు, ముఖ్యంగా డైక్లోఫెనాక్ లాంటివి, ఎవరిచ్చినా ఒక్కటి కూడా వెయ్యకండి.

ఆఖరుగా ఒక పని. ప్యానెల్ రిపోర్టు, కల్చర్ రిపోర్టు, డిశ్చార్జి కాగితం మూడూ జిరాక్స్ తీయించి, ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆయన ఆరోగ్యశ్రీ కార్డుతో కలిపి ఉంచండి. పైన పెద్ద అక్షరాలతో 'అసినెటోబాక్టర్ వచ్చింది, కొలిస్టిన్ ఇచ్చారు, ఇంటికొచ్చేటప్పటికి క్రియాటినిన్ 2.9' అని రాయండి, తేదీ వెయ్యండి. మళ్లీ ఎప్పుడైనా ఆయన్ని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే మొదటి గంటలోనే ఆ కవరు డ్యూటీ డాక్టరు చేతిలో పెట్టండి. తమ్ముడి ఫోనుకి కూడా ఆ మూడింటి ఫోటోలు పంపండి. రాత్రిపూట మీకు ఫోన్ అందకపోతే ఆయన చూపించగలగాలి.